'తొందరగా'కు ఇంగ్లిష్‌లో ఏ మాట? ఉచిత ఆన్‌లైన్ నిఘంటువులపై సమీక్ష

'ఐ యామ్ ఇన్ హర్రీ, కమ్ ఫాస్ట్‌లీ.' ఉన్నవి ఆరు మాటలు. వాటిలో తప్పులు రెండు, మోటుదనం ఒకటి. 'ఇన్' తర్వాత రావాల్సిన 'ఎ' ఎగిరిపోయింది. 'ఫాస్ట్‌లీ' అన్న మాట నేటి ఇంగ్లిష్ వాడుకలో లేదు. 'ఫాస్ట్' విశేషణంగానూ క్రియావిశేషణంగానూ అలాగే ఉంటుంది. ఈ రెండూ దిద్దాక కూడా మూడోది మిగిలే ఉంటుంది. స్నేహితుడితో అంటే సరే, పై అధికారితోనో ముక్కూమొహం తెలియని వాళ్లతోనో అంటే అది ఆజ్ఞ.

వ్యాకరణం, మాటల జత, మర్యాద. వేగానికీ తొందరకూ సంబంధించిన ఇంగ్లిష్ పలుకుబళ్లలో మనం తడబడేది ఈ మూడు చోట్లే. డబ్బు కట్టక్కర్లేకుండా దొరికే సాధనాలు ఇందులో ఏ మేరకు అక్కరకొస్తాయో చూడటం ఈ సమీక్ష పని. లాంగ్‌మన్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, కాలిన్స్ కోబిల్డ్ అనే నాలుగు లెర్నర్స్ డిక్షనరీలు (ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసం చేసిన నిఘంటువులు), వాటి పక్కన యూగ్లిష్, స్కెల్ అనే రెండు వెతుకుడు సాధనాలు. అనువాద యంత్రాల ముచ్చట చివర్లో.

నిఘంటువు తెరవకముందే చేసుకోవాల్సిన పని ఒకటుంది. ఈ నాలుగింటిలో ఏదీ దాన్ని మనకు చేసిపెట్టదు. అవి ఇంగ్లిష్ మాట దగ్గర మొదలవుతాయి, మన నోటికి ముందు వచ్చేది 'తొందరగా'. ఈ ఒక్క మాటతో తెలుగు అరడజను పనులు చేయించుకుంటుంది. 'రేపు తొందరగా లేవాలి' అంటే మంచం మీంచి గెంతమని కాదు, పెందలాడే లేవమని. అక్కడ కావలసింది 'అర్లీ'. 'తొందరగా వచ్చేస్తా' అంటే ఎక్కువసేపు పట్టదని, అది 'సూన్'. 'తొందరగా తిను' అన్నప్పుడు 'క్విక్‌లీ', లేదా ఉత్త 'హర్రీ అప్'. 'అడగ్గానే తొందరగా జవాబిచ్చారు' అన్నది మెచ్చుకోలు, దానికి 'ప్రాంప్ట్‌లీ'. 'తొందరపడి ఒప్పుకున్నాడు' అన్నది నింద, అక్కడ 'హీ రష్‌డ్ ఇంటు ఇట్'.

కాబట్టి ముందు తెలుగులోనే మాట మార్చి చూసుకోవాలి. 'తొందరగా' తీసేసి 'పెందలాడే' పెడితే వాక్యం నిలుస్తుందా? నిలిస్తే 'అర్లీ'. 'కాసేపట్లో' అన్నది అతికితే 'సూన్'. 'గబగబా' అతికితే 'క్విక్‌లీ', 'వేగంగా' అతికితే 'ఫాస్ట్', 'జాప్యం లేకుండా' అతికితే 'ప్రాంప్ట్‌లీ', 'ముందూ వెనకా చూసుకోకుండా' అతికితే 'హేస్టీ', 'రష్' కుటుంబం. దీనికి పది సెకన్లు పట్టదు. ఇది చేయకుండా ఎంత మంచి నిఘంటువు తెరిచినా తప్పు పేజీలోనే దిగుతాం.

ఈ పని మానేస్తే పుట్టే వాక్యాలు అందరికీ పరిచయమే. 'ఐ గాట్ అప్ ఫాస్ట్ టుడే' అంటే విన్నవాళ్లకు తోచేది చటుక్కున లేచి నిలబడటం, తెల్లవారుజామున లేవడం కాదు. దారిలో నత్తనడక నడుస్తున్న వాడితో 'కమ్ సూన్' అంటే 'మళ్లీ త్వరలో రండి' అని ఆహ్వానించినట్టుంటుంది. అతనికి చెప్పాల్సింది 'హర్రీ అప్', లేదా 'గెట్ హియర్ యాజ్ సూన్ యాజ్ యూ కెన్'. 'నాకు ఆలస్యమవుతోంది'ని ఉన్నదున్నట్టు దించితే 'ఐ యామ్ గెటింగ్ లేట్' వస్తుంది. మనలో మనకు అది చెల్లుతుంది, బయటివాళ్ల చెవికి మాత్రం గుచ్చుకుంటుంది. వాళ్లు అనేది 'ఐ యామ్ రన్నింగ్ లేట్'. 'ఇట్స్ గెటింగ్ లేట్' కూడా ఉంది గానీ దాని అర్థం పొద్దుపోయిందని. 'ఆన్ టైమ్', 'ఇన్ టైమ్' మధ్య తేడా కూడా ఇలాంటిదే. మొదటిది చెప్పిన వేళకు సరిగ్గా రావడం, రెండోది పని చేజారకముందే అందుకోవడం. రైలు ఆన్ టైమ్ వస్తుంది, మనం దాన్ని ఇన్ టైమ్ అందుకుంటాం.

మాట ఏదో తేలాక దాని పక్కన ఏది కూర్చుంటుందో చూడటానికి లాంగ్‌మన్‌ను మించింది లేదు. 1978లో తొలిసారి అచ్చయినప్పుడే అది అర్థాలను సుమారు 2,000 మాటల్లోనే చెప్పాలని గీత గీసుకుంది. అందుకే 'స్విఫ్ట్'కు అర్థం వెతికితే అంతకన్నా కఠినమైన మాట తగిలి, దానికోసం మరో పేజీకి పరిగెత్తే అవస్థ చాలావరకు తప్పుతుంది. అసలు లాభం మాటల జతలు చూపే పెట్టెల్లో ఉంది. ఉదాహరణ వాక్యాలను చదివి వినిపించే సదుపాయమూ ఉంది, దాన్ని వదులుకోకండి.

'ఫాస్ట్', 'క్విక్' రెండూ మనకు ఒకటేలా తోస్తాయి. ఇంగ్లిష్‌లో కావు. 'ఫాస్ట్' అన్నది కదిలే వేగం, 'క్విక్' అన్నది పట్టే సమయం తక్కువని. అందుకే కారు ఫాస్ట్, రైలు ఫాస్ట్, పరుగెత్తేవాడు ఫాస్ట్. చూపు, ప్రశ్న, స్నానం మాత్రం క్విక్: 'ఎ క్విక్ లుక్', 'ఎ క్విక్ క్వశ్చన్', 'ఎ క్విక్ షవర్'. 'ఫాస్ట్ క్వశ్చన్' అనరు. 'ర్యాపిడ్' మార్పులకు అంటుకుంటుంది: 'ర్యాపిడ్ గ్రోత్', 'ర్యాపిడ్ ఛేంజ్'. ఇంట్లో మాటల్లో దీన్ని తెస్తే వార్తలు చదువుతున్నట్టుంటుంది. 'స్విఫ్ట్' పక్కన 'యాక్షన్', 'రెస్పాన్స్' లాంటి అధికారిక మాటలుంటాయి. 'ప్రాంప్ట్' పక్కన 'రిప్లై', 'పేమెంట్'. నడక 'బ్రిస్క్'. జబ్బుపడ్డవారికి కోరేది 'స్పీడీ రికవరీ'. నిర్ణయం చెడ్డదైతేనే 'హేస్టీ', అదే నిర్ణయం మంచిదైతే 'క్విక్ డెసిషన్'. మన 'తొందరపాటు', 'చురుకుదనం' మధ్య ఉన్న తేడాయే ఇది. ఒక చిన్న పిట్టకథ: 'ఫాస్ట్'కు పాత అర్థం 'గట్టిగా, కదలకుండా'. 'ఫాస్ట్ అస్లీప్' అంటే గాఢనిద్ర అయింది అందుకే. 'క్విక్'కు పాత అర్థం 'ప్రాణమున్న'. వేగం ఈ రెండు మాటల్లోకీ తర్వాత వచ్చి చేరినదే.

లాంగ్‌మన్‌తో చిక్కు ఒకటుంది. 'హర్రీ' క్రియ వేరు పద్దు, నామవాచకం వేరు పద్దు. 'హర్రీ అప్' మొదటి దాంట్లో దొరుకుతుంది, 'ఇన్ ఎ హర్రీ' రెండో దాంట్లో. మొదటిది చదివి ట్యాబ్ మూసేసిన వాళ్లు సగమే చూసినట్టు. పేజీని కింది దాకా జరపాలి. అక్కడే 'దేర్స్ నో హర్రీ', 'వాట్స్ ద హర్రీ?' లాంటి వాడుకలు కనిపిస్తాయి. క్రియ దగ్గర ఇంకో మెలిక: ఎక్కడికైనా గబగబా వెళ్లడం 'హర్రీ టు ద స్టేషన్', అందులో 'అప్' రాదు. 'హర్రీ అప్' అంటే త్వరపడు అనే. ఎవరినైనా తొందరపెట్టాల్సి వస్తే 'హర్రీ దెమ్ అప్' అని విడదీయవచ్చు.

జాతీయాలకు ఆక్స్‌ఫర్డ్ మెరుగు. 1942లో జపాన్‌లో అక్కడి ఇంగ్లిష్ విద్యార్థుల కోసం ఎ.ఎస్. హార్న్‌బీ, మరో ఇద్దరు కలిసి తెచ్చిన నిఘంటువు నుంచి ఎదిగినది కాబట్టి, పరభాషవాళ్లు ఎక్కడ జారతారో దానికి తొలినుంచీ పట్టింపే. జాతీయాలు పద్దు అడుగున విడిగా ఉంటాయి. వాటి పక్కన బ్రిటిష్ వాడుకా, అమెరికన్ వాడుకా, పాతబడిందా, చనువు మాటా అన్న గుర్తులుంటాయి. ఎక్కడ వెతకాలన్నదే కొత్తవాళ్లకు తెలియదు. 'హర్రీ' కింద వెతికితే దొరకవు. 'గెట్ ఎ మూవ్ ఆన్'కు 'మూవ్' దగ్గరికి, 'గెట్ యువర్ స్కేట్స్ ఆన్'కు 'స్కేట్' దగ్గరికి, 'మేక్ ఇట్ స్నాపీ'కి 'స్నాపీ' దగ్గరికి వెళ్లాలి. జాతీయంలో బరువైన మాట ఏదో దాన్ని పట్టుకోవాలి.

ఆ గుర్తులు ఎంతవరకు కాపాడతాయి? సగం దూరమే. 'చనువు మాట' అన్న ఒక్క గుర్తు కింద ఎన్నో మెట్లున్నాయి. 'గెట్ ఎ మూవ్ ఆన్' తోటివాళ్ల మధ్య చిరాకుతో అన్నా సాగిపోతుంది. 'గెట్ యువర్ స్కేట్స్ ఆన్' బ్రిటిష్ ఇళ్లలో వినపడే నవ్వు కలిసిన హెచ్చరిక, అమెరికాలో అంటే ముఖాలు చూసుకుంటారు. 'మేక్ ఇట్ స్నాపీ' కింది ఉద్యోగికి దర్పంగా వేసే ఆర్డర్ లాంటిది. 'చాప్ చాప్' ఇంకా అడుగున ఉంటుంది. దక్షిణ చైనా రేవుల్లో వ్యాపారానికి పుట్టిన పిడ్జిన్ (కలగలుపు భాష) నుంచి వచ్చిన ఈ మాటను పిల్లల్ని అదిలించడానికి వాడితే వాడొచ్చు గానీ, పెద్దవాళ్ల మీద వాడితే సేవకుణ్ని చిటికేసి పిలిచినట్టే. 'షేక్ ఎ లెగ్' పాతబడింది. దాన్ని 'బ్రేక్ ఎ లెగ్'తో కలగాపులగం చేస్తే త్వరపడమనబోయి, రంగస్థలం ఎక్కబోయే నటుడికి చెప్పే శుభాకాంక్ష చెప్పినట్టవుతుంది. 'స్టెప్ ఆన్ ఇట్' బండి నడిపేవాడికి: యాక్సిలరేటర్ తొక్కమని. బ్రిటన్‌లో దానికే 'పుట్ యువర్ ఫుట్ డౌన్' అంటారు. కానీ ఆ మాటకు 'పట్టు వదలకుండా కాదని చెప్పు' అన్న రెండో అర్థమూ ఉంది, కాబట్టి బండిలో లేనప్పుడు అది వినబడితే వేగం గురించి కాదని గ్రహించాలి.

'జంప్ ద గన్' గురించి కూడా ఒక మాట. పరుగుపందెంలో తుపాకీ పేలకముందే ఉరకడం నుంచి పుట్టింది. ఇది వేగాన్ని మెచ్చుకోవడం కాదు, వేళకాని వేళ తొందరను తప్పుపట్టడం. 'యాట్ ద డ్రాప్ ఆఫ్ ఎ హ్యాట్'ను చాలామంది 'రెప్పపాటులో'కు సమానంగా నేర్చుకుంటారు. దానిలో వేగం కన్నా సంసిద్ధత ఎక్కువ: పిలిస్తే చాలు, ముందువెనకలు చూడకుండా ఉన్నపళంగా బయల్దేరేవాడి గురించి. రెప్పపాటుకు సరిగ్గా అతికేది 'ఇన్ ద బ్లింక్ ఆఫ్ ఎన్ ఐ'. 'ఇన్ ద నిక్ ఆఫ్ టైమ్' వేగం కాదు, ఆఖరి క్షణంలో గట్టెక్కడం.

కేంబ్రిడ్జ్ పేజీలో చాలామంది చూడకుండా దాటేసేది అడుగున ఉండే సంబంధిత పదాల పెట్టె. తెలుగువాళ్లకు అది బంగారం. ఎందుకో చెప్పాలంటే రెండు భాషల నడకలో తేడా చెప్పాలి. తెలుగు తొందర తీరును క్రియకు ముందు ధ్వన్యనుకరణంతో చెబుతుంది: గబగబా, చకచకా, సరసరా, బిరబిరా, తుర్రుమని, రయ్యిమని. క్రియ మాత్రం వెళ్లాడు, తిన్నాడు, రాసింది లాంటి మామూలు క్రియే. ఇంగ్లిష్ ఆ తీరును క్రియలోనే ఇముడ్చుకుంటుంది. పరీక్ష జవాబుల్లో ప్రతి క్రియ పక్కనా 'వెరీ ఫాస్ట్', 'వెరీ క్విక్‌లీ' అంటించడం ఈ తేడా పట్టకపోవడం వల్లే. 'గబగబా మింగేశాడు'కు 'హీ వుల్ఫ్‌డ్ ఇట్ డౌన్' చాలు. 'చకచకా ఉత్తరం రాసి పడేసింది'కి 'షీ డ్యాష్‌డ్ ఆఫ్ ఎ లెటర్'. ఎలుక తుర్రుమంటే 'స్కరీడ్', గుర్రం బెదిరి లంకించుకుంటే 'బోల్టెడ్', బైకు రయ్యిమంటే 'జూమ్‌డ్ పాస్ట్'. ఇలా వెళ్లి అలా వచ్చేయడానికి బ్రిటిష్ వాడుకలో 'నిప్', 'పాప్' ఉన్నాయి. సెలవు తీసుకునేటప్పుడు 'ఐ మస్ట్ డ్యాష్', అమెరికాలో 'ఐ హావ్ గాట్ టు రన్'. ఇక్కడ పరుగెత్తేవాళ్లెవరూ ఉండరు, వెళ్లొస్తానని చెప్పడమే.

ఆ పెట్టెలో ఉన్న లోటు: మాటలన్నీ ఒకే రాశిగా పోసి ఉంటాయి, ఏది జంతువుకు, ఏది మనిషికి, ఏది వాహనానికి అన్నది అక్కడ ఉండదు. ఒక్కోదాన్ని నొక్కి చూడాలి. కేంబ్రిడ్జ్ అర్థాల పక్కన ఉండే ఎ1 నుంచి సి2 దాకా స్థాయి గుర్తులు ఈ వడపోతకు పనికొస్తాయి. మొదట ఎ, బి స్థాయిల్లోవి నోటికి పట్టించుకుని, సి స్థాయివి చదివినప్పుడు అర్థమైతే చాలనుకోవడం మేలు.

కాలిన్స్ కోబిల్డ్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1987లో వచ్చిన తొలి కూర్పు నుంచి దాని ప్రత్యేకత ఒక్కటే: అర్థాన్ని పూర్తి వాక్యంగా, మాటను ఆ వాక్యంలోనే వాడి చెబుతుంది. ఎవరు ఎక్కడికి, ఏ విభక్తితో హర్రీ అవుతారో ఆ వాక్యంలోనే తెలిసిపోతుంది కాబట్టి 'టు' పెట్టాలా వద్దా అన్న సందేహం తీరుతుంది. సైట్‌లో మాత్రం కోబిల్డ్ అర్థాల కింద వేరే కూర్పుల అర్థాలూ వరుసగా వస్తాయి. కోబిల్డ్ అని రాసి ఉన్న భాగం దాటాక ఆగిపోతే చాలు.

రాతలో చూసినదంతా మాటలో ఎలా పలుకుతుందో యూగ్లిష్ చూపిస్తుంది. పదబంధం టైప్ చేస్తే అది వినిపించిన యూట్యూబ్ వీడియో ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, అమెరికన్, బ్రిటిష్ యాసలను విడిగా ఎంచుకోవచ్చు. 'టేక్ యువర్ టైమ్' లాంటి వాటికి ఇది తప్పనిసరి. మెత్తగా అంటే 'నిదానంగా కానివ్వండి' అని, సాగదీసి అంటే 'ఇంకెంతసేపు మహాప్రభో' అని. నిఘంటువు వాక్యం ఈ రెండింటికీ ఒకేలా ఉంటుంది, స్వరమే వేరు. కనీసం ఐదారు ముక్కలు వినాలి, ఒక్కటి విని నిర్ణయానికి రాకూడదు. యంత్రం వెతికేది అక్షరాలను, అర్థాన్ని కాదు. 'స్టెప్ ఆన్ ఇట్' అని వెతికితే వేగం పెంచమన్నవాళ్లూ వస్తారు, నేల మీద పడ్డదాన్ని నిజంగానే తొక్కినవాళ్లూ వస్తారు. రాతలోంచి ఉదాహరణ వాక్యాలు ఏరి చూపే స్కెల్‌కూ అదే పరిమితి. కాకపోతే ఒక మాటకు గరిష్ఠంగా 40 ఉదాహరణలు ఒక్క పేజీలో పెడుతుంది కాబట్టి, 'హేస్టీ' తర్వాత ఏయే నామవాచకాలు వస్తున్నాయో ఒక్క చూపులో తేలిపోతుంది.

ఈ సాధనాలన్నీ చేతులెత్తేసే చోటు ఈమెయిల్. రాతలో ఒకరిని త్వరపెట్టడం అంటే మాట ఎంచుకోవడం కాదు, ఒత్తిడి ఎంత పెట్టాలో తూచుకోవడం. 'యాట్ యువర్ అర్లియెస్ట్ కన్వీనియెన్స్'ను గట్టి తాకీదు అనుకుని రాసేవాళ్లున్నారు. నిజానికి దానిలో తొందర మీ వీలును బట్టి అన్న మాట కింద నలిగిపోతుంది, చదివినవాళ్లు వచ్చేవారానికి వాయిదా వేసినా తప్పుపట్టలేం. 'ఏఎస్ఏపీ' ('యాజ్ సూన్ యాజ్ పాసిబుల్'కు పొట్టిరూపం) అందుకు విరుద్ధం: గడువు చెప్పదు, అరుస్తున్నట్టు మాత్రం ఉంటుంది. రెండింటికన్నా మంచిది రోజూ గంటా చెప్పి అడగడం: 'కుడ్ యూ సెండ్ ఇట్ బై త్రీ ఆన్ థర్స్‌డే?' ఇక్కడ 'బై' ముఖ్యం. 'టిల్' అని రాస్తే గురువారం మూడింటిదాకా పంపుతూనే ఉండమని. 'నో రష్' అని మొదలుపెడితే అవతలివాళ్లు దాన్ని అక్షరాలా నమ్ముతారు, నిజంగా అత్యవసరమైతే ఆ మర్యాద పనికిరాదు. మర్యాద చెడకుండా ఒత్తిడి పెట్టేది 'సూనర్ రాదర్ దేన్ లేటర్'. రెండోసారి అడుగుతున్నప్పుడు బ్రిటిష్ ఆఫీసుల్లో 'ఐ యామ్ జస్ట్ చేసింగ్ దిస్ అప్' అంటారు. 'చేసింగ్' అన్న మాట చూసి జడుసుకోనక్కర్లేదు. నిఘంటువులు వీటన్నిటి అర్థం చెబుతాయి, ఏది ఎంత గట్టిగా తగులుతుందో చెప్పవు.

అనువాద యంత్రాలకు ఒక్క మాట ఇస్తే ఒక్క మాటే తిరిగి ఇస్తాయి. 'తొందరగా'ను విడిగా పెట్టి అడగడం దండగ. పూర్తి వాక్యం, దాని ముందు వాక్యం కూడా ఇస్తే ఫలితం మెరుగవుతుంది. వచ్చినదాన్ని తిరిగి తెలుగులోకి తిప్పించి చూస్తే 'పెందలాడే' కాస్తా 'గబగబా' అయిందేమో బయటపడుతుంది. చాట్‌బాట్‌లను అడిగేటప్పుడు 'తొందరకు జాతీయాలు చెప్పు' అంటే పాతవీ కొత్తవీ, అమెరికావీ బ్రిటన్‌వీ కలిపి వడ్డిస్తాయి. ఎవరు, ఎవరితో, మాటలోనా రాతలోనా అన్న మూడూ ప్రశ్నలోనే పెట్టి, జవాబును ఆక్స్‌ఫర్డ్ గుర్తులతో పోల్చుకోవాలి.

ఇక్కడ చెప్పని నిఘంటువు గానీ యాప్ గానీ చేతికొస్తే దాని సత్తా తేల్చడానికి మూడు వెతుకులాటలు చాలు. 'ఫాస్ట్' కింద గాఢనిద్ర అర్థం ఉందా? 'పుట్ యువర్ ఫుట్ డౌన్'కు రెండు అర్థాలూ ఇచ్చిందా? 'ఐ వోంట్ డూ దట్ అగైన్ ఇన్ ఎ హర్రీ' దొరికిందా? ఈ మూడోదే అసలు గీటురాయి. మాటకు మాట పెడితే 'తొందరలో మళ్లీ ఆ పని చేయను' అని వస్తుంది, నిదానంగా చేస్తానేమో అనిపిస్తుంది. దాని అర్థం 'చచ్చినా మళ్లీ ఆ జోలికి పోను' అని. లాంగ్‌మన్, ఆక్స్‌ఫర్డ్ రెండింటిలోనూ అది 'హర్రీ' నామవాచకం కిందే ఉంది.